ఆటలో జోడీ

సంక్రాంతి రోజులలో గుడివాడ వైపుగాని గుంటూరు వైపుగాని ఎడ్ల పందెములు చూచినవారికి ఒక సంగతి బాగుగా తెలిసియుండును. బండ లాగుటకు వచ్చిన జతలో రెండెడ్లును బలమైనవే. కాని బలమైన ఎడ్లు రెండు దొరికినంత మాత్రమున జత కుదిరినదని ఏ రైతూ అనడు. దాపటిదాని అడుగెంత, వెలపటిదాని అడుగెంత, కాడి ఎటు ఒరుగుచున్నది, ఒకటి మెడ వంచి ముందుకు దూకినప్పుడు రెండవది దానితో కలియుచున్నదా, బెదరుచున్నదా అని చూచును. సంతలో ఎద్దును కొనబోవునప్పుడు ఇంటివద్ద దొడ్డిలోనున్న రెండవ ఎద్దును మనస్సులో పెట్టుకొనియే బేరమాడును.

ఆటగాండ్ర విషయము వచ్చునప్పటికి మనమీ వివేకమును మరచుచున్నాము. దూకి కొట్టగల కుర్రవాడొకడు పైకి వచ్చుచున్నాడనగానే ఆతని ప్రక్క నెవరిని నిలుపవలెనని చర్చ మొదలగును. హాకీలోనైతే ఫార్వర్డుకు కుడియెడమల ఎవరుండవలెనని, బాడ్మింటన్ డబుల్సులోనైతే జోడీ ఎవరని వాదింతుము. ఈ చర్చ కాఫీ హోటళ్లలో సాగును, రైలు పెట్టెలలో సాగును, రేడియో ముందు కూర్చున్న అన్నదమ్ముల నడుమను సాగును. చర్చ మంచిదే. కాని చాలమంది చెప్పు సమాధానము ఒక్కటే: "ఉన్నవారిలో అందరికంటె గొప్పవానిని తెచ్చి ప్రక్కన పెట్టవలెను." ఈ సమాధానము ఎంతవరకు సరియైనదో మన తెలుగునాటి యువకుని ఉదాహరణముతోనే పరిశీలింపవచ్చును.

ఆ యువకుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. 2000 సంవత్సరము ఆగస్టు 13వ తేదీన గోదావరి డెల్టాలోని అమలాపురములో పుట్టినాడు. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు, ఇంటిలో ఆటలకు ఆదరమున్నది. 2014లో హైదరాబాదు చేరి పుల్లెల గోపీచంద్ గారి అకాడమీలో శిక్షణ ప్రారంభించినాడు. అప్పటికి వయస్సు సుమారు పదునాలుగేండ్లు. పొడగరి, భుజబలము గలవాడు, వెనుక నుండి ఎగిరి షటిల్‌ను క్రిందికి కొట్టుటలో అప్పుడే దిట్ట. ఇట్టి బాలునికి జోడీని వెదకుట సులభమనిపించును. నిజమునకు చాల కష్టమైన పని అదే.

ఎందుకు కష్టమో తెలియవలెనన్న డబుల్సు ఆట నడచు తీరు కొంచెము తెలిసియుండవలెను. కోర్టు సుమారు 6 మీటర్ల వెడల్పు, 13 మీటర్లకు పైగా పొడవు. అందులో సగము ఒక్కొక్క జోడీది. ఎదుటివారు షటిల్‌ను పైకి లేపినప్పుడు మన జోడీ ముందు వెనుకలుగా నిలుచును. వెనుకనున్నవాడు బలముగా క్రిందికి కొట్టును. దీనినే స్మాష్ అందురు. ముందున్నవాడు నెట్ దగ్గర కాచియుండి, ఆ దెబ్బకు తట్టుకొనలేక ఎదుటివారు మెత్తగా పంపిన షటిల్‌ను గాలిలోనే అడ్డగించి ముగించును. మనమే షటిల్‌ను లేపవలసి వచ్చినప్పుడు ఇద్దరును ప్రక్కప్రక్కన నిలిచి ఎవరి సగమును వారు కాపాడుకొందురు. ఈ రెండు వరుసల నడుమ మార్పు క్షణములో జరిగిపోవలెను. ఎవరు ముందుకు, ఎవరు వెనుకకు అని అడుగుటకు వ్యవధి యుండదు.

కృష్ణా, గుంటూరు జిల్లాలలో బాల్ బాడ్మింటన్ ఆడినవారికి, చూచినవారికి ఇది బొత్తుగా క్రొత్త కాదు. అయిదుగురాడు ఆ ఆటలో ముందు వరుసవాని పని వేరు, వెనుక వరుసవాని పని వేరు. ఆ ఆటకు 1970లో అర్జున పురస్కారము తెచ్చిన జమ్మలమడక పిచ్చయ్య గారి పేరు మన పెద్దలలో చాలమందికి తెలిసినదే. అయిదుగురి నడుమ పంచబడిన ఆ బాధ్యత షటిల్ డబుల్సులో ఇద్దరిమీద పడుచున్నది. అందుచేత ఒకని లోటు రెండవవానిమీద వెంటనే భారమై కూర్చుండును.

బాలుర పోటీలలో సాత్విక్‌కు తొలుత జోడీగా నుండినవాడు గరగ కృష్ణప్రసాద్. ఇద్దరును తెలుగువారు, ఒకే అకాడమీలో పెరుగుచున్నవారు, కలిసి గెలుచుచున్నవారు. ఇట్టి జతను విడదీయవలెనని సామాన్యముగా ఎవరికిని తోచదు. కాని 2016లో భారత డబుల్సు శిక్షకుడుగా నున్న మలేసియా దేశీయుడు టాన్ కిమ్ హెర్ సాత్విక్‌ను ముంబయి యువకుడైన చిరాగ్ శెట్టితో జతపరచినాడు. చిరాగ్ సాత్విక్‌కంటె మూడేండ్లు పెద్ద, ఆతడును పొడగరి, ఆతడును వెనుక నుండి కొట్టువాడే.

ఇక్కడ సందేహము కలుగుట సహజము. ఆ యువకులిద్దరికిని కూడ తొలుత ఈ ఏర్పాటు నచ్చలేదు. ఇద్దరును వెనుకనుండి కొట్టుటకే అలవాటుపడినవారైనచో నెట్ దగ్గర ఎవరు నిలుచుందురు? ఒకడు కొట్టిన దెబ్బకు వచ్చిన మెత్తని జవాబును ఎవరు అందుకొందురు? పైగా పొడగరులకు ఒక సహజమైన ఇబ్బంది కలదు. శరీరమునకు సూటిగా, నడుము ఎత్తున వేగముగా వచ్చు షటిల్‌ను త్రిప్పికొట్టుట పొట్టివానికంటె వారికి కష్టము. ఆ ఇబ్బంది ఇద్దరికిని ఉన్నచో ఎదుటివారు అక్కడనే దెబ్బ తీయుదురు. అనగా ఆనాడు సందేహించినవారు అజ్ఞానముచేత సందేహింపలేదు. వారు చూపిన లోట్లన్నియు నిజమైనవే.

అయినను శిక్షకుడు చూచినది మరియొకటి. ఇద్దరు పొడగరులు కోర్టులో నిలిచినచో వారిని దాటించి షటిల్ పంపుటకు ఎదుటివారికి చోటు తక్కువ. వెనుకకు పంపిన ప్రతి షటిల్‌కును, అది ఎవరివద్దకు పోయినను, బలమైన దెబ్బ తప్పదు. సామాన్యమైన జోడీలో ఎదుటివారు ఉపాయముగా ఆడి బలవంతుని ముందుకు లాగి బలహీనుని వెనుకకు నెట్టుదురు. ఈ జోడీ విషయములో ఆ ఉపాయము పారదు. బలము పుట్టుకతో వచ్చినది. నెట్ దగ్గరి చాతుర్యము నేర్పవచ్చును. నేర్పదగిన లోటును చూచి, నేర్పరాని గుణమును వదలుకొనరాదని ఆ ఏర్పాటులోని ఆలోచన.

ఆ నేర్చుకొనుట ఎవరి వంతునకు వచ్చినది? ముఖ్యముగా చిరాగ్ వంతునకు. వెనుక నుండి కొట్టుటలో పేరు తెచ్చుకొన్నవాడు క్రమముగా ముందుకు వచ్చి నెట్ దగ్గర నిలుచుట అలవాటు చేసికొన్నాడు. చూచువారు చప్పట్లు కొట్టునది వెనుకవాని దెబ్బకు. ముందువాని పని పలుమారు కంటికి కూడ కనబడదు. పందొమ్మిదేండ్ల యువకుడు దానికి ఒప్పుకొనుట చిన్న త్యాగము కాదు. సాత్విక్ నేర్చుకొనవలసినదియు ఉండెను. మిక్స్‌డ్ డబుల్సులో పురుషుడు సామాన్యముగా వెనుక భాగమును మోయవలెను. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడలలో మిక్స్‌డ్ టీమ్ ఫైనలునందు, తనకంటె ఎంతో అనుభవముగల అశ్వినీ పొన్నప్పతో కలిసి ఆడి మలేసియా జోడీని ఓడించినాడు. భారత జట్టునకు స్వర్ణము వచ్చినది. అవే క్రీడలలో సాత్విక్, చిరాగ్‌లకు పురుషుల డబుల్సులో రజతము వచ్చినది.

ఆ సంవత్సరముననే సర్వీసు నిబంధన కూడ మారినది. సర్వీసు చేయునప్పుడు షటిల్ నేలనుండి 1.15 మీటర్లకు లోబడి యుండవలెనని నియమము వచ్చినది. పూర్వము ఆటగాని శరీరమును బట్టి ఎత్తును నిర్ణయించెడివారు. ఈ మార్పుచేత పొడగరులు తమ సర్వీసును తిరిగి దిద్దుకొనవలసి వచ్చినది. అట్టి చిక్కులను దాటియే 2019 ఆగస్టులో బాంగ్‌కాక్‌లో థాయిలాండ్ ఓపెన్ గెలిచినారు. ఫైనలులో ఓడినవారు అప్పటి ప్రపంచ చాంపియనులైన చైనా జోడీ లీ జున్‌హుయి, లియు యుచెన్. జత కలిసిన నాటినుండి అప్పటికి మూడు సంవత్సరములు. ఆటగాడు పెరుగుటను గూర్చి చర్చించువారు ఈ మూడు సంవత్సరముల లెక్కను గుర్తుంచుకొనవలెను.

గెలుపు తరువాత గెలుపే వచ్చినచో ఈ కథలో నేర్చుకొనవలసినది అంతగా ఉండకపోవును. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్సునందు వీరు తమ వర్గములో మూడు ఆటలాడి రెండు గెలిచినారు. మొదటి ఆటలో ఓడించినది చైనీస్ తైపేకు చెందిన లీ యాంగ్, వాంగ్ చీలిన్‌లను. మూడవ గేము 27-25 వరకు సాగినది. చిత్రమేమనగా, ఆ ఓడిన జోడీయే చివరకు స్వర్ణ పతకము గెలిచినది. మన జోడీ మాత్రము, మూడు జోడీలకు సమానముగా రెండేసి గెలుపులు రాగా, గేముల వ్యత్యాసములో వెనుకబడి క్వార్టర్ ఫైనలు చేరకయే తిరిగి వచ్చినది. పట్టికను మాత్రమే చూచినవానికి ఇది వైఫల్యము. ఆటను చూచినవానికి ఇది రెండు మూడు విషయములు సరిదిద్దుకొన్నచో ప్రపంచమును గెలువగల జోడీ.

ఆ విషయములను సరిదిద్దుకొనుటలో డెన్మార్కు దేశపు పూర్వపు డబుల్సు క్రీడాకారుడు మథియాస్ బో తోడ్పడినాడు. దెబ్బ కొట్టుట వీరికి ఎవరును నేర్పనక్కరలేదు. దెబ్బ కాచుకొనుట, సర్వీసు తరువాతి మొదటి రెండు మూడు దెబ్బలలో తొందరపడకుండుట నేర్చుకొనవలసి యుండెను.

ఇక్కడ 2022 మే 15వ తేదీన బాంగ్‌కాక్‌లో జరిగిన థామస్ కప్ ఫైనలును జ్ఞాపకము చేసికొనవలెను. ఇండొనేషియాతో ఆట. లక్ష్యసేన్ తొలి సింగిల్సు గెలిచిన తరువాత మన జోడీకి ఎదురుగా నిలిచినవారు మొహమ్మద్ అహసాన్, కెవిన్ సుకముల్యో. వీరిలో అహసాన్ మూడుసార్లు ప్రపంచ చాంపియన్. సుకముల్యో ఏండ్ల తరబడి ప్రపంచములో మొదటి స్థానమున నుండినవాడు. కాని అహసాన్ పెరిగినది హెంద్రా సెటియావాన్ ప్రక్కన. సుకముల్యో పెరిగినది మార్కస్ గిడియన్ ప్రక్కన. గిడియన్ గాయముచేత రాలేకపోగా ఇద్దరు మహా క్రీడాకారులను అప్పటికప్పుడు జతపరచినారు. "అందరికంటె గొప్పవానిని తెచ్చి ప్రక్కన పెట్టవలెను" అను మన కాఫీ హోటలు సూత్రమునకు ఇంతకంటె మంచి పరీక్ష దొరకదు.

పరీక్ష సులభముగా ముగియలేదు. మొదటి గేము ఇండొనేషియావారిదే, 21-18. రెండవ గేములో వారు విజయమునకు ఒక్క పాయింటు దూరములోనికి పలుమారు వచ్చినారు. మన జోడీ తట్టుకొని 23-21తో ఆ గేమును, 21-19తో మూడవ గేమును గెలిచినది. తరువాత గుంటూరు యువకుడు కిదాంబి శ్రీకాంత్ గెలువగా, భారతదేశమునకు మొట్టమొదటిసారి థామస్ కప్ లభించినది. గొప్పతనము రెండు పాయింట్ల తేడాకు తీసికొని రాగలదని, ఆ చివరి రెండు పాయింట్లకు కలిసి గడిపిన ఏండ్లు కావలెనని ఈ ఆట చూపినది.

అటు తరువాతి విజయములు పాఠకులకు తెలిసినవే. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ స్వర్ణము, టోక్యో ప్రపంచ పోటీలలో కాంస్యము. 2023లో దుబాయిలో ఆసియా చాంపియన్‌షిప్, జకార్తాలో ఇండొనేషియా ఓపెన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బాడ్మింటన్‌కు భారతదేశపు తొలి స్వర్ణము. ఆ అక్టోబరులోనే ప్రపంచములో మొదటి స్థానము. 2023 ఏప్రిల్ 14న జపానులో జరిగిన వేగ పరీక్షలో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగముతో పోయి ప్రపంచ రికార్డయినది. అంతకు పూర్వపు రికార్డు 493. జనులు ఎక్కువగా చెప్పుకొనునది ఈ 565నే. కాని ఆ వేగము పరీక్షశాలలో కొలిచినది. అక్కడ షటిల్‌ను తిరిగి పంపువాడు లేడు. కోర్టులో ఆ దెబ్బకు విలువ వచ్చునది నెట్ దగ్గర చిరాగ్ సిద్ధముగా నున్నప్పుడు.

2024లో పారిస్ ఒలింపిక్సునందు క్వార్టర్ ఫైనలులో మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయిక్‌ల చేతిలో మొదటి గేము గెలిచియు ఓడిపోయినారు. పతకము వచ్చునని దేశమంతయు ఎదురుచూచిన ఆట అది. జోడీ చెడలేదు, ఎవరును విడదీయలేదు. మరుసటి సంవత్సరము అదే పారిస్ నగరములో ప్రపంచ పోటీలు జరుగగా, అదే మలేసియా జోడీని క్వార్టర్ ఫైనలులో ఓడించి రెండవ కాంస్యము గెలిచినారు.

మరి విడదీయబడిన కృష్ణప్రసాద్ సంగతి ఏమి? ఇది అడుగదగిన ప్రశ్న. ఆతడు విష్ణువర్ధన్ గౌడ్ పంజాలతో జతకట్టి తన ఆటను కొనసాగించినాడు. 2022లో థామస్ కప్ గెలిచిన భారత బృందములో వారిద్దరును ఉన్నారు. బాల్యములో ఒకే ప్రక్కన ఆడినవారు వేరువేరు జోడీలలో పెరిగి ఒకే కప్పు ప్రక్కన నిలిచినారు. పిల్లలను దూరపు అకాడమీలకు పంపిన తలిదండ్రులు ఇది గమనింపవలెను. జోడీ మార్చినారన్న వార్త రాగానే తమ బిడ్డను త్రోసివేసినారని కొందరు తల్లడిల్లుదురు. ప్రతి మార్పును న్యాయమైనదని నేను చెప్పుట లేదు. కాని మార్పు వేరు, తిరస్కారము వేరు.

ఇంతకంటె పెద్ద మార్పు చూచినవాడు శ్రీకాంత్. బాల్యములో ఆతడు పేరు తెచ్చుకొన్నది డబుల్సులో, మిక్స్‌డ్ డబుల్సులో. గోపీచంద్ గారు ఆతనిని సింగిల్సునకు మరల్చినారు. 2014లో చైనా ఓపెన్ ఫైనలునందు ఆతడు లిన్ డాన్‌ను చైనాలోనే ఓడించినాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచములో మొదటి స్థానము నందుకొన్నాడు. ఒకే అకాడమీలో ఒక యువకునికి సరియైన జోడీని వెదకవలసి వచ్చినది. ఇంకొక యువకునికి జోడీయే అక్కరలేదని తెలిసికొనవలసి వచ్చినది.

ఈ చర్చ బాడ్మింటన్‌తో పుట్టినది కాదు. హాకీలో ఇది చాల పాతది. 1936లో బెర్లిన్ ఒలింపిక్సునకు ముందు ఒక సాధన ఆటలో జర్మనీవారు మన జట్టును 4-1తో ఓడించినారు. జట్టులో ధ్యాన్‌చంద్ ఉన్నాడు, ఆతని తమ్ముడు రూప్‌సింగ్ ఉన్నాడు. అయినను ఫార్వర్డు వరుసలో లోటు కనబడినది. వెంటనే స్వదేశమునకు కబురు పంపి దారాను విమానములో రప్పించినారు. ఆతడు సెమీఫైనలు నాటికి చేరుకొన్నాడు. ఫైనలులో జర్మనీని 8-1తో ఓడించిన జట్టులో ఆడినాడు. ధ్యాన్‌చంద్ వంటి వానికి కూడ ప్రక్కవాడు కావలసివచ్చినాడు.

అభిమానుల మాట సరియైన సందర్భమును ఒకటి చెప్పవలెను. 1948లో లండన్ ఒలింపిక్సునందు యువకుడైన బల్బీర్‌సింగ్ ఒకరి గాయము కారణముగా తొలి అవకాశము పొంది అర్జెంటీనామీద 6 గోల్సు చేసినాడు. అయినను తరువాతి ఆటలలో ఆతనిని ప్రక్కన పెట్టినారు. అక్కడి భారతీయ విద్యార్థులు ఊరకుండక హైకమిషనరు వి. కె. కృష్ణ మీనన్ గారివద్దకు పోయి మొరపెట్టుకొన్నారు. ఫైనలులో బల్బీర్ ఆడినాడు. బ్రిటనుమీద మనము సాధించిన 4-0 విజయములో మొదటి రెండు గోల్సు ఆతనివే. ఆ విద్యార్థులు కోరినది తాము కన్నులార చూచిన ఆటను బట్టి. ఎవరి పేరుప్రతిష్ఠలను బట్టియు కాదు. అందుచేతనే వారి కోరిక నిలిచినది.

కాబట్టి అభిమానులు చర్చింపరాదని ఎవరును అనరు. ఇకమీదట ఒక యువకుని జోడీని గూర్చి చర్చ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొన్నచో చాలును. ఓడిన పాయింట్లు ఎక్కడ పోయినవి? నెట్ దగ్గరనా, సర్వీసులోనా, కాచుకొనుటలోనా? రెండవది: ఆ లోటు నేర్చుకొన్న తీరునదా, లేక ఇంకొకడు వచ్చి పూరింపవలసినదా? మూడవది: వీరిద్దరు కలిసి ఎంతకాలము ఆడినారు? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము ఆటలో దొరకును. మూడవ దానికి పంచాంగము చాలును. అయినను మనము సామాన్యముగా మరచిపోవునది దానినే.

చివరగా మా వృత్తిలోని అనుభవము ఒకటి చెప్పి ముగింతును. రేడియోలో డబుల్సు ఆటను వర్ణించుట చాల కష్టము. షటిల్ వెంట మాట పరుగెత్తలేదు. "కొట్టినాడు" అనులోగా అది తిరిగి వచ్చియుండును. అందుచేత కామెంటరీ చెప్పువారు కొంతకాలమునకు ఒక అలవాటు నేర్చుకొందురు. కొట్టబోవువానిని వదలి, కొట్టనివాడు ఎటు కదలుచున్నాడో చూతురు. ఆతడు ముందుకు జరిగినాడన్న పాయింటు మనకు వచ్చుచున్నదని, నిలుచుండిపోయినాడన్న పోవుచున్నదని ముందుగానే చెప్పగలుగుదురు. ఈసారి మన అమలాపురము యువకుడు ఆడుచుండగా చూచుట తటస్థించినచో, ఆతడు గాలిలోనికి ఎగిరినప్పుడు ఒక్క క్షణము మీ దృష్టిని ఆతనినుండి మరల్చి నెట్ దగ్గరనున్న రెండవవానిమీద నిలిపి చూడుడు. ఆ దెబ్బ ఎట్లు పాయింటుగా మారుచున్నదో అక్కడ కనబడును.